మౌస్ కింద కాగితం సరే, మెయిల్ మాత్రం వద్దు

అల్లుడూ,

మీ ఆఫీసువాణ్ణి ఆటపట్టించడానికి నువ్వు రాసిన రెండు ఉపాయాల్లో, మౌస్ అడుగున కాగితం అతికించి తెరమీద బాణం కదలకుండా చేసే పని నిక్షేపంగా చెయ్యి, నాకేం అభ్యంతరం లేదు. రెండోది ఉందే, మీ వాడు సీట్లోంచి లేచి వెళ్ళినప్పుడు అతని మెయిల్‌లోంచి మేనేజర్‌కి రాజీనామా పంపడం, అది వద్దు. "సరదాకేగా మామయ్యా, ఐదు నిమిషాల్లో చెప్పేస్తాం" అని రాశావు. నాకు భయమంతా ఆ ఐదు నిమిషాల గురించే.

రెండూ కంప్యూటర్ అల్లరే, ఒకటి చిన్నది, ఇంకోటి కాస్త పెద్దది అని నీ లెక్క. నా లెక్కలో ఈ రెండూ ఒక జాతివే కావు. మౌస్‌కి కాగితం అంటిస్తే నువ్వు ఒక వస్తువుతో ఆడుకున్నావు. అతని మెయిల్‌లోంచి ఉత్తరం పంపితే అతని సంతకం నువ్వు పెట్టావు. ఇన్నేళ్ళు సిస్టమ్స్ విభాగంలో కూర్చుని లాగ్‌లు చూసినవాణ్ణి, చెప్తున్నాను విను. లాగ్‌కి వేళాకోళం తెలీదు. ఫలానా లాగిన్, ఫలానా టైము, ఫలానా పని అని రాసుకుని ఊరుకుంటుంది. ఆ నిమిషంలో కుర్చీలో ఎవరున్నారో దానికి అక్కర్లేదు. ఆరు నెలల తర్వాత వేరే ఏదో గొడవలో ఆ రికార్డు బయటికి తీస్తే అందులో మీ వాడి పేరే ఉంటుంది. అప్పటికి నువ్వు ఆ ఉద్యోగంలో ఉంటావో లేదో కూడా తెలీదు.

పంపిన మెయిల్ వెనక్కి లాగొచ్చుగా అంటావు. జీమెయిల్‌లో అన్‌డూ గడువు ఎంత పెంచుకున్నా 30 సెకన్లు. అవుట్‌లుక్‌లో రీకాల్ ఉంది కానీ సంస్థ దాటి బయటికి వెళ్ళినదాన్ని అది తేలేదు. చదివేసినవాళ్ళ బుర్రలోంచి తీసే బటన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మీ మేనేజర్ ఫోన్‌లో చూసి, "సరే, పోనీ" అని హెచ్‌ఆర్‌కి ఫార్వర్డ్ చేస్తే మీ వాడి గురించి ఆయన మనసులో ఉన్నదేమిటో అందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరు నవ్వుతారు?

మెయిల్ తయారుచేసేవాళ్ళే ఇందులో బోల్తా పడ్డారు. 2016 ఏప్రిల్ 1న గూగుల్ వాళ్ళు జీమెయిల్‌లో మామూలుగా పంపే బటన్ పక్కనే "మైక్ డ్రాప్" అని ఇంకో బటన్ పెట్టారు. అది నొక్కితే మెయిల్‌తోపాటు మైకు కింద పడేసే కార్టూన్ బొమ్మ వెళ్తుంది. ఆ మెయిల్‌కి తర్వాత వచ్చే జవాబులు బటన్ నొక్కినవాళ్ళ ఇన్‌బాక్స్‌లో కనపడవు. పొరపాటున నొక్కినవాళ్ళ ఆఫీసు మెయిళ్ళు కూడా ఆ బొమ్మతో సహా వెళ్ళిపోయాయి. తిట్లు మొదలయ్యాక గూగుల్ ఆ రోజే దాన్ని తీసేసి క్షమాపణ చెప్పుకుంది. అంత పెద్ద సంస్థకే ఎవరి మెయిల్ ఎంత ముఖ్యమో ముందుగా తెలీలేదు. నీకెలా తెలుస్తుంది?

నేనేదో పెద్దమనిషిలా మాట్లాడుతున్నానని అనుకోకు. నీ వయసులో నేను చేసింది ఇంతకంటే తక్కువేం కాదు. అవి విండోస్ 2000 రోజులు. మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు సరదాకి తయారుచేసిన స్క్రీన్‌సేవర్ ఒకటి ఉండేది. మెషిన్ క్రాష్ అయినప్పుడు వచ్చే నీలం తెరని అచ్చంగా చూపిస్తుంది, మళ్ళీ బూట్ అవుతున్నట్టు కూడా నటిస్తుంది. ఏదైనా కీ నొక్కితే చాలు, మాయమైపోతుంది. దాన్ని మా పక్క సీటు పెద్దాయన మెషిన్‌లో పెట్టాను. ఆయన కంగారుపడి ఎంటర్ కొడతాడు, తెర మామూలుగా వస్తుంది, మేం నవ్వుతాం. ఇదీ నా ఊహ.

ఆయన ఎంటర్ కొట్టలేదు. నీలం తెర చూడగానే పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాడు. పొద్దుట్నుంచి చేస్తున్న ఎక్సెల్ పని సేవ్ చెయ్యలేదు. ఆ కాలంలో ఆటో రికవరీని నమ్ముకున్నవాళ్ళు తక్కువ. పని పోయింది. అదైనా సరే అనుకో, మళ్ళీ చేసుకోవచ్చు. ఆయన మాత్రం నేరుగా బాస్ దగ్గరికి వెళ్ళి, "ఏదో తప్పు నొక్కాను సార్" అని చెప్పుకున్నాడు. కంప్యూటర్ ఆయనకి నడివయసులో నేర్చుకున్న విద్య, ఏం జరిగినా తన చేతివల్లే అనుకునేవాడు. నాకు నోరు పెగల్లేదు. నాలుగు రోజుల తర్వాత చెప్పాను. తిట్టలేదు. "ఓహో, అదా" అన్నాడంతే. ఆ తర్వాత నేను అటుగా వెళ్తే చాలు, ఆయన చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళేది, స్క్రీన్ లాక్ అయ్యేది. నేను అక్కడున్నంత కాలం అలాగే జరిగింది.

అందుకే దొంగ నీలం తెరలు, దొంగ అప్‌డేట్ పేజీలు, "మీ ఫైళ్ళన్నీ తాళం వేశాం" అనే దొంగ హెచ్చరికలు, ఏవీ వద్దంటాను. అవతలివాడు నువ్వనుకున్నట్టు ప్రవర్తించడు. ఐటీ వాళ్ళకి ఫోన్ చేస్తాడు. వైరస్ అన్న మాట వింటే వాళ్ళు చేసే మొదటి పని నెట్‌వర్క్ కేబుల్ పీకడం. ఆపైన మెషిన్ పట్టుకెళ్ళి మొత్తం తుడిచేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా ఆశ్చర్యం లేదు. ఇంకో నష్టం ఉంది. ఒకసారి ఇలా ఆడించబడినవాడు నిజం హెచ్చరిక వచ్చినప్పుడు "ఎవడో మళ్ళీ ఆడుతున్నాడు" అని మూసేస్తాడు.

ఇంకొకరి మెషిన్‌లో ప్రోగ్రాం పెట్టడం గురించి ఇంకో ముక్క. 1982లో రిచ్ స్క్రెంటా అని 15 ఏళ్ళ కుర్రాడు ఇలాంటి అల్లరే చేసేవాడు. స్నేహితులకిచ్చే గేమ్ ఫ్లాపీల్లో ఏదో ఒకటి మార్చిపెట్టేవాడు. కొన్నాళ్ళకి వాళ్ళు అతన్ని తమ ఫ్లాపీలు ముట్టుకోనివ్వడం మానేశారు. మరి ముట్టుకోకుండా ఎలా? తనంతట తాను ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకే ప్రోగ్రాం రాశాడు. అది చేరిన ఫ్లాపీతో ఆపిల్ 2 మెషిన్ 50వ సారి బూట్ అయినప్పుడు ఒక పద్యం చూపించడమే దాని పని. ఎల్క్ క్లోనర్ అంటారు దాన్ని. రాసిన మెషిన్ దాటి బయట వ్యాపించిన తొలి వైరస్‌లలో ఒకటి. పద్యం చదువుకుని నవ్వుకోవాలనే రాశాడు పాపం.

మరి ఏం చెయ్యొచ్చు? నవ్వు నాలుగు విధాల చేటు అన్న సామెతని నేనెప్పుడూ ఒప్పుకోలేదు. నవ్వు లేని ఆఫీసులో ఒక ఏడాది పనిచేశాను, అదొక శిక్ష. మాలో ఒకడు ప్రింటర్ మీద "ఇకనుంచి గొంతుతో పనిచేస్తుంది, కాపీ అని స్పష్టంగా పలకండి" అని కాగితం అంటించాడు. మధ్యాహ్నానికి మా డైరెక్టర్ దాని ముందు నిలబడి "కాపీ... కాపీ" అంటున్నాడు. అందులో ఎవరి లాగిన్ ముట్టుకోలేదు, ఎవరి పనీ పోలేదు. పైగా ఫలానావాడని ఎంచుకుని చేసింది కాదు, వచ్చినవాడల్లా పడ్డాడు. నాకు తెలిసిన కంప్యూటర్ అల్లర్లలో అంత మంచిది ఇంకోటి లేదు, అందులో కంప్యూటరే లేదు చూడు.

ఎవరి మీద చేస్తున్నావన్నది కూడా చూసుకో. కొత్తగా చేరినవాళ్ళ మీద, నీ కింద పనిచేసేవాళ్ళ మీద, ఆ రోజు డెడ్‌లైన్ ఉన్నవాళ్ళ మీద వద్దు. తిరిగి నీ మీద చేసే చనువు ఉన్నవాడైతేనే చెయ్యి. వాళ్ళు నవ్వారు కదా అని సమాధానపడకు. ఆఫీసులో నలుగురి మధ్య నవ్వకపోతే "జోక్ అర్థం కాదు" అంటారని నవ్వేవాళ్ళే ఎక్కువ. రెండోసారి కూడా అతనే దొరికాడంటే మీ టీమ్‌లో ఏదో తేడా ఉన్నట్టు.

మీ టీమ్‌లో ఎవరైనా స్క్రీన్ లాక్ చెయ్యకుండా వెళ్తే అతని పేరుతో "అందరికీ పార్టీ ఇస్తున్నా" అని మెయిల్ కొడతారని రాశావు. చాలా ఆఫీసుల్లో ఉన్నదే, సెక్యూరిటీ నేర్పుతున్నాం అని పేరు పెట్టుకుంటారు. నాకు నచ్చదు. లాక్ చెయ్యకపోవడం అతని తప్పే. కానీ ఇంకొకరి లాగిన్ వాడటం చాలా సంస్థల నియమాల్లో అంతకంటే పెద్ద తప్పు, బ్రిటన్‌లో అయితే 1990 నుంచి అనుమతి లేకుండా ఇంకొకరి ఖాతాలోకి వెళ్ళడానికి విడిగా చట్టమే ఉంది. నువ్వు విండోస్ కీతో ఎల్ నొక్కి లాక్ చేసి, "తలుపు తీసి వెళ్ళావు" అని ఒక చీటీ అంటించి రా. వచ్చి చూసుకున్నప్పుడు సిగ్గుపడతాడు, అది చాలు.

ఒకవేళ ఇప్పటికే ఏదైనా చేసేసి ఉంటే, అతను ఐటీకి ఫోన్ చెయ్యకముందే వెళ్ళి చెప్పు. నాలాగా నాలుగు రోజులు ఆగకు.

ఇక మౌస్ సంగతి. సెల్లో టేప్ వాడకు, జిగురు సెన్సార్‌కి అంటుకుంటే పాడవుతుంది. స్టిక్కీ నోట్ చిన్న ముక్క కత్తిరించి, జిగురు లేని భాగం కాంతి వచ్చే చోటికి వచ్చేలా అంటించు. దానిమీద ఒక నవ్వు బొమ్మ గీస్తే, తిప్పి చూసినప్పుడు ఎవరో సరదాకి చేశారని అర్థమవుతుంది, మౌస్ పాడైందని కొత్తది అడగడు. అతను కాల్‌లో ఉన్నప్పుడు కాదు, ఖాళీగా ఉన్నప్పుడు. నువ్వు కనుచూపు మేరలోనే ఉండు, రెండు నిమిషాలకి కూడా తిప్పి చూడకపోతే నువ్వే వెళ్ళి తీసెయ్యి. తర్వాత కొన్నాళ్ళు సీట్లోంచి లేచినప్పుడల్లా నీ స్క్రీన్ లాక్ చేసుకోవడం మర్చిపోకు, వాడేం ఊరుకుంటాడా.

నీ మామయ్య