1997ను నెలలవారీగా రాయకు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. తొందరపడకుండా చదివాను. ప్రొఫెషనల్ రెజ్లింగ్ మీద తెలుగులో ఇంత ఓపిగ్గా రాసేవాళ్ళు తక్కువ. అందులోనూ అమెరికా కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) 1997ను ఎంచుకున్నావు, అందుకే ఇంకాస్త ఇష్టంగా చదివాను. నీకు విషయం తెలుసు, భాష ఉంది. ఇక నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను. మెచ్చుకోలు నీకు స్నేహితుల దగ్గర ఎలాగూ దొరుకుతుంది కాబట్టి, నేను పని గురించే మాట్లాడతాను.

ముందుగా నీ మొదటి రెండు పేజీలు తీసెయ్. "ఇదంతా ఫేక్ కదా" అనేవాళ్ళకు జవాబు చెప్పడంలోనే ఆ రెండు పేజీలూ అయిపోయాయి. ఆ మాట అనేవాళ్ళు నీ వ్యాసం చదవరు. చదివేవాళ్ళకు ఆ సంజాయిషీ అక్కర్లేదు. మన పౌరాణిక నాటకాల్లో దుర్యోధనుడు చివరికి తొడ విరిగి పడిపోతాడని టికెట్ కొన్న ప్రతివాడికీ తెలుసు. అయినా అతని పద్యానికి వన్స్ మోర్ కొట్టారు, రాత్రంతా కూర్చున్నారు. గెలుపోటములు ముందే రాసి పెట్టుకున్న ఆట అని ఒక్క వాక్యంలో ఒప్పుకుని ముందుకు నడువు. ఆ వాక్యం తర్వాత నీకు అసలు పని మొదలవుతుంది.

రెండోది పెద్ద సంగతి. నువ్వు జనవరి నుంచి డిసెంబర్ దాకా వరసగా రాసుకుపోయావు. జనవరిలో శాన్ ఆంటోనియోలో షాన్ మైకేల్స్ ఛాంపియన్ అయ్యాడు, ఫిబ్రవరిలో బెల్ట్ వదులుకున్నాడు, మూడు రోజులకు బ్రెట్ హార్ట్ గెలిచాడు, ఆ మర్నాడే సిడ్‌కు పోగొట్టుకున్నాడు, మార్చిలో అండర్‌టేకర్, ఆగస్టులో మళ్ళీ బ్రెట్, నవంబర్‌లో మళ్ళీ మైకేల్స్. ఒక్క తేదీ తప్పు లేదు. కానీ బెల్ట్ ఎవరి నడుముకు ఉందో చెబితే ఆ ఏడాది ఏమైందో తెలియదు. ఆ ఏడాదంతా ఒకే మనిషి ఒకే మాట అంటూ తిరిగాడు: "నాకు అన్యాయం జరిగింది." ఆ మనిషి బ్రెట్ హార్ట్. ఆ మాటను పట్టుకుని నడిస్తే 1997 మొత్తం నీ చేతికి వస్తుంది.

ఒకసారి అలా చూడు. జనవరి 19న, తాళ్ళ మీదుగా బయట పడ్డవాడు తప్పుకోవాల్సిన గుంపు పోటీ రాయల్ రంబుల్‌లో స్టీవ్ ఆస్టిన్‌ను బ్రెట్ తాళ్ళ మీదుగా బయటికి విసిరేశాడు. రెఫరీలు వేరే గొడవలో ఉండి చూడలేదు. ఆస్టిన్ మళ్ళీ లోపలికి దూరి, చివరికి బ్రెట్‌నే బయటపడేసి గెలిచాడు. బ్రెట్ ఫిర్యాదు చేశాడు, న్యాయం అతని వైపే ఉంది. కానీ వారం వారం అదే ఫిర్యాదు వింటుంటే జనానికి విసుగు పుట్టింది. మార్చి 17న సిడ్ చేతిలో ఓడిపోయాక, కంపెనీ యజమానే అయినా అప్పటికి తెర మీద వ్యాఖ్యాతగానే కనిపించే విన్స్ మెక్‌మాన్‌ను తోసేసి, మైకులోనే బూతులు తిట్టాడు. మరోపక్క మోసం చేసి గెలిచిన ఆస్టిన్ ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు, ఎవరి జాలీ అడగలేదు. జనం మెల్లగా అతని వైపు జరుగుతూ వచ్చారు. న్యాయం తన దగ్గరే ఉన్నా మనుషుల్ని పోగొట్టుకున్నవాడి కథ ఇది. నీ వ్యాసంలో ఈ వాక్యం ఎక్కడా లేదు. కావలసిన సాక్ష్యాలన్నీ మాత్రం ఉన్నాయి.

ఇప్పుడు మార్చి 23. షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో కంపెనీ ఏటా చేసే అతిపెద్ద షో, రెసిల్‌మేనియా 13. ఆ రాత్రి ఆఖరి మ్యాచ్‌లో అండర్‌టేకర్ సిడ్‌ను ఓడించాడు, నువ్వు దానికి పెద్ద పేరా ఇచ్చావు. బ్రెట్, ఆస్టిన్‌ల మ్యాచ్‌కు ఒకే వాక్యం: "ఉత్కంఠభరితమైన ఆ భీకర పోరులో బ్రెట్ విజయం సాధించాడు." ఉత్కంఠభరితం, భీకరం, రసవత్తరం, ఇవన్నీ మ్యాచ్ చూడకుండానే రాయగల మాటలు. నువ్వు చూశావు కదా, చూసింది రాయి.

ఆ మ్యాచ్‌కు షరతు ఒకటే. ప్రత్యర్థి నోటితో "చాలు" అనిపించాలి. రెఫరీగా అసలు పోరాటాల్లోంచి వచ్చిన కెన్ షామ్‌రాక్‌ను పెట్టారు. ఇద్దరూ జనంలోకి వెళ్ళి మెట్ల మీద కొట్టుకుని మళ్ళీ రింగులోకొచ్చారు. ఆస్టిన్ నుదురు చిట్లింది. ఆ రక్తం తమ ఇద్దరి ఒప్పందమేనని బ్రెట్ తర్వాత చెప్పాడు. కంపెనీ అప్పట్లో రక్తం వద్దంటున్నా ఇద్దరూ కలిసి చేసిన పని అది. ఆస్టిన్ ఒక వైరు తీసుకుని బ్రెట్ గొంతుకు బిగించాడు. బ్రెట్ చేతికందిన గంటతో అతని తల మీద కొట్టి, వెంటనే షార్ప్‌షూటర్ వేశాడు. కాళ్ళు మెలిపెట్టి, మనిషిని బోర్లా తిప్పి, నడుము విరిచే పట్టు అది. కెమెరా ఆస్టిన్ మొహం దగ్గరికి వెళ్ళింది. రక్తం కళ్ళ మీదుగా కారి పళ్ళ సందుల్లోకి పోతోంది, అతను అరుస్తున్నాడు. రెండు చేతుల మీదా ఒళ్ళు లేపి పట్టు దాదాపు విడిపించుకున్నాడు. బ్రెట్ తూలి, నిలదొక్కుకుని, మళ్ళీ బిగించాడు. షామ్‌రాక్ వంగి అడుగుతున్నాడు. ఆస్టిన్ "చాలు" అనలేదు. స్పృహ తప్పాడు. షామ్‌రాక్ మ్యాచ్ ఆపేశాడు.

అక్కడితో కాలేదు. స్పృహ లేని మనిషి కాళ్ళను బ్రెట్ మళ్ళీ తన్నడం మొదలుపెట్టాడు. షామ్‌రాక్ నడుం పట్టి లాగి పడేశాడు. హాలంతా బ్రెట్‌ను ఛీ కొట్టింది. లేపడానికొచ్చిన రెఫరీని ఆస్టిన్ తోసిపుచ్చి, పడేసి, కుంటుకుంటూ ఒక్కడే నడిచి వెళ్ళాడు. ఆ హాలు అతని పేరు పలికింది. మ్యాచ్ మొదలైనప్పుడు హీరోగా ఉన్నవాడు విలనయ్యాడు, విలన్‌గా ఉన్నవాడు హీరో అయ్యాడు. పట్టిన సమయం సుమారు 22 నిమిషాలు. రెజ్లింగ్‌లో ఇంత శుభ్రంగా ఈ మార్పు జరిగిన మ్యాచ్ మరొకటి నాకు తెలియదు. దీనికి నీ వ్యాసంలో మూడో వంతు ఇచ్చినా ఎక్కువ కాదు. మ్యాచ్‌ను ఒకసారి శబ్దం ఆపేసి చూడు, ఎవరి ఒళ్ళు ఏం చెబుతోందో తెలుస్తుంది. మరోసారి వ్యాఖ్యానాన్ని వదిలేసి జనం గొంతు మాత్రం విను. ఏ నిమిషంలో వాళ్ళు అటు నుంచి ఇటు తిరిగారో అక్కడ నీ పేరా మొదలవ్వాలి.

జులై 6, కెనడాలోని కాల్గరీ. నువ్వు దీన్ని దాటేశావు. అమెరికాలో ఛీ అనిపించుకుంటున్న అదే బ్రెట్ తన సొంత ఊళ్ళో దేవుడు. తమ్ముడు ఓవెన్, అక్కచెల్లెళ్ళ భర్తలు బ్రిటిష్ బుల్‌డాగ్, జిమ్ నైడ్‌హార్ట్, పక్కన బ్రయన్ పిల్మన్. అవతల ఆస్టిన్, షామ్‌రాక్, గోల్డస్ట్, లీజియన్ ఆఫ్ డూమ్ జంట. రింగు పక్కన తండ్రి స్టూ, తల్లి హెలెన్. గెలిచాక కుటుంబమంతా రింగులోకి ఎక్కింది. మంచివాడెవరో చెడ్డవాడెవరో సరిహద్దు దాటగానే తారుమారైన ఏడాది అది. కథ రాసినవాళ్ళు తెలివిగా చేసిన పని, దానికి మెచ్చుకోలు దక్కాలి.

తర్వాత కథకూ నిజానికీ మధ్య గీత చెరిగిపోయిన చోట్లు. ఇక్కడ నీ కలం కాస్త జాగ్రత్తగా నడవాలి. ఆగస్టు 3న సమ్మర్‌స్లామ్‌లో ఓవెన్ హార్ట్ పైల్‌డ్రైవర్ (మనిషిని తలకిందులుగా పట్టుకుని కూలబడే దెబ్బ) వేసినప్పుడు ఆస్టిన్ తల అతని తొడల కంటే కిందికి ఉండిపోయింది. కూర్చున్న బరువంతా ఆ మెడ మీద పడింది. ఆస్టిన్‌కు కాసేపు చేతులు, కాళ్ళు ఆడలేదు. ఓవెన్ జనాన్ని రెచ్చగొడుతున్నట్టు నటిస్తూ అతనికి వ్యవధి ఇచ్చాడు. ఆస్టిన్ పాక్కుంటూ వచ్చి, ఓవెన్‌ను ఎలాగో చుట్టి, మూడు లెక్కకు పట్టుకున్నాడు. స్క్రిప్టులో రాసుకున్న గెలుపు అలా పూర్తయింది. ఆ మెడే చివరికి 2003లో అతన్ని ఆట మానేలా చేసింది. నువ్వు దీన్ని "దురదృష్టకర సంఘటన" అన్నావు. తల ఎక్కడుందో, ఎవరు కూర్చున్నారో, తర్వాత ఆ ఇద్దరూ ఏం చేశారో చెప్పు, ఆ విశేషణం అవసరం రాదు.

అక్టోబర్ 5. సెయింట్ లూయీలో షో ఉన్న రోజునే మిన్నెసోటాలోని ఒక హోటల్ గదిలో బ్రయన్ పిల్మన్ చనిపోయి కనిపించాడు. గుండె జబ్బు. వయసు 35. ఆ రాత్రే ఇనుప పంజరంలో ఆడే హెల్ ఇన్ ఎ సెల్ మొట్టమొదటిసారి జరిగింది, చిన్నప్పుడే మంటల్లో పోయాడని కథలో చెప్పిన అండర్‌టేకర్ తమ్ముడు కేన్ ఆ పంజరం తలుపు ఊడబెరుక్కుని వచ్చాడు. నువ్వు కేన్ రాకను ఉత్సాహంగా రాసి, పిల్మన్‌ను కింద ఒక వాక్యంలో పెట్టావు. వరస మార్చు. మర్నాడు రాత్రే భర్త పోయిన ఆవిడను టీవీ కార్యక్రమంలో ప్రశ్నలడిగారు. అది తప్పు అని నా అభిప్రాయం, నీ అభిప్రాయం నువ్వు రాయి. ఈ ఆటను ప్రేమించేవాడు దాని వెనక ఖర్చైన మనుషుల గురించి మొహమాటం లేకుండా రాయాలి.

ఇక మాంట్రియల్. నవంబర్ 9, మోల్సన్ సెంటర్. 1996లో 20 ఏళ్ళ ఒప్పందం ఇచ్చిన విన్స్ మెక్‌మాన్, ఏడాది తిరక్కుండానే ఇక భరించలేనని, పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూకి వెళ్ళమని బ్రెట్‌కు చెప్పాడు. కెనడాలో, అందులోనూ మైకేల్స్ చేతిలో ఓడిపోనని బ్రెట్ పట్టుపట్టాడు. గొడవతో మ్యాచ్ తేలకుండా ముగియాలని మాట అనుకున్నారు. మైకేల్స్ బ్రెట్ మీద బ్రెట్ పట్టునే, ఆ షార్ప్‌షూటర్‌నే వేశాడు. విన్స్ రింగు పక్కన నిలబడి గంట కొట్టమని అరిచాడు. రెఫరీ ఎర్ల్ హెబ్నర్ సైగ చేసి పరుగెత్తాడు. బ్రెట్ లొంగలేదు, గంట మోగింది. బ్రెట్ విన్స్ మొహం మీద ఉమ్మాడు, గాలిలో వేలితో డబ్ల్యూసీడబ్ల్యూ అని రాశాడు, బల్లల మీది మానిటర్లు పగలగొట్టాడు. లోపల విన్స్‌ను గుద్దాడు కూడా.

దీని మీద ఇప్పటికి ఎందరో ఎన్నో చెప్పారు. ఎవరికి ముందే తెలుసు, ఎవరికి తెలియదు అనే చర్చ ముగిసేది కాదు. నువ్వు అందులోకి దిగి తీర్పరిగా కూర్చున్నావు, అది వద్దు. కెమెరా చూసింది ఉంది. బ్రెట్ వెంట తిరుగుతున్న డాక్యుమెంటరీ బృందం మైకులో పడిన విన్స్ మాటలున్నాయి. తర్వాత ఇద్దరూ ఒప్పుకున్నవి ఉన్నాయి. అంతవరకు గట్టిగా రాయి. మిగతాది "ఫలానావాడు ఇలా అంటాడు" అని రాసి వదిలెయ్. నీ సొంత మాట చెప్పాల్సిన చోటు వేరే ఉంది. జనవరిలో కథ కోసం "నాకు అన్యాయం జరిగింది" అన్న మనిషికి నవంబర్‌లో నిజంగానే అన్యాయం జరిగింది. అమెరికాలో జనం ఆ మాటకు విసిగారు, మాంట్రియల్ హాలు ఆ రాత్రి అతని కోసం అరిచింది. ఇది యాదృచ్ఛికమే కావచ్చు, కానీ రచయితకు ఇంతకన్నా ఏం కావాలి?

డబ్ల్యూసీడబ్ల్యూ సంగతి కుదించు. వాళ్ళ సోమవారం కార్యక్రమం 83 వారాలు వరసగా రేటింగుల్లో పైన ఉందని, ఏడాదికి పైగా నోరు విప్పకుండా పైకప్పు మీంచి చూస్తూ గడిపిన స్టింగ్ డిసెంబర్ 28న హల్క్ హోగన్‌తో తలపడిన మ్యాచ్‌ను ముగింపులో పాడుచేశారని రాస్తే చాలు. మోసం కనబడేలా రెఫరీ వేగంగా లెక్కపెట్టాలి, మామూలుగా లెక్కపెట్టాడు, అక్కడే కథ కూలింది. అంతకుమించి నీ దారికి అది అడ్డం.

మరొకటి. 1997లో నువ్వు అక్కడ ఉన్నట్టు, ఆ హాల్లో కూర్చున్నట్టు రాశావు. ఆ ఏడాదికి నువ్వు పుట్టావో లేదో. మన ఊళ్ళలో అప్పుడు పిల్లల చేతుల్లో ఉన్నవి కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు చెప్పి పక్కవాడి కార్డు లాక్కునే ఆట. అండర్‌టేకర్‌కు ఏడు ప్రాణాలని బడిలో ప్రమాణం చేసి చెప్పేవాళ్ళు. మాంట్రియల్ గొడవ వాళ్ళలో చాలామందికి ఎన్నో ఏళ్ళ తర్వాత, ఇంటర్నెట్ వచ్చాక తెలిసింది. నువ్వూ అలాగే తెలుసుకున్నావు. ఆ దూరాన్ని దాచకు. 2023 సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో షో జరిగినప్పుడు జాన్ సీనాను చూడ్డానికి వెళ్ళానని ఉత్తరంలో రాశావు కదా. జనం గొంతు మారడం అంటే ఏమిటో నీ చెవులతో విన్నది అక్కడ. షికాగో పేరా రాసేటప్పుడు ఆ వినికిడి పనికొస్తుంది, గచ్చిబౌలిని వ్యాసంలోకి తేనక్కర్లేదు.

చివరగా ఒక ఖాళీ పూరించాలి. బ్రెట్ తండ్రి స్టూ హార్ట్ కాల్గరీలో సొంతంగా రెజ్లింగ్ కంపెనీ నడిపినవాడు, ఇంటి కింది గదిలో ఎందరికో పట్టులు నేర్పినవాడు. పన్నెండుమంది పిల్లల్లో బ్రెట్ ఎనిమిదోవాడు. 1984లో స్టూ ఆ కంపెనీని విన్స్ మెక్‌మాన్‌కే అమ్మాడు, బ్రెట్ ఆ ఏడాదే విన్స్ దగ్గరికి వచ్చాడు. ఇది నీ వ్యాసంలో ఎక్కడా లేదు. కాల్గరీ పేరాలో, తండ్రి రింగు పక్కన కూర్చున్న చోట ఇది చెప్పు. మాంట్రియల్‌కు వచ్చేసరికి పాఠకుడికి గుర్తుండాలి. మార్చి పేరా ముందు తిరగరాసి పంపు, మిగతాది ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య