మీ అత్తవారి ఊరి రాళ్ళు

చిట్టితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లల కోసం వాళ్ళ నాన్న వైపు వంశవృక్షం గీస్తున్నావనీ, వచ్చే నెల జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో మీ అత్తగారి పుట్టింటి ఊరికి వెళ్ళి చర్చి పక్కనున్న పాత సమాధుల తోటలో రాళ్ళ మీద పేర్లు రాసుకుంటావనీ రాశావు. సంతోషం. కానీ వచ్చే నెల దాకా ఆగకు, వీలైతే ఈ నెలలోనే వెళ్ళు. జర్మనీలో సమాధి శాశ్వతం కాదు. స్థలం ఒక రకంగా అద్దెకు తీసుకున్నదే. ఊరిని బట్టి, నేలను బట్టి 20, 30 ఏళ్ళు. ఆ తరువాత ఇంటివాళ్ళు డబ్బు కట్టి గడువు పొడిగించుకోకపోతే రాయి తీసేస్తారు. ఏ రాయి మీదైనా 'బంధువులు కార్యాలయానికి తెలియజేయాలి' అనే స్టిక్కరు కనిపిస్తే ముందు దాన్ని ఫోటో తీయి.

ఇది నాకు దెబ్బ తిన్నాక తెలిసిన సంగతి. మీ పెదనాన్న ఊళ్ళో మొదటిసారి ఈ పని పెట్టుకున్నప్పుడు ఆయన ఇంటిపేరున్న రాళ్ళు పదకొండో పన్నెండో ఫోటో తీసుకుని, పని అయిపోయిందని చేతులు దులుపుకున్నాను. రెండేళ్ళ తరువాత చర్చి పుస్తకంలో పెళ్ళి నమోదు చూస్తే ఆయన నాయనమ్మ చెల్లెలు అదే ఊళ్ళో వేరే ఇంటి కోడలయిందని తేలింది. ఆ ఇంటివారి రాయి నాకు బాగా గుర్తు. దాని పక్కనే సంచి పెట్టుకుని కెమెరా సర్దుకున్నాను. మళ్ళీ వెళ్ళేసరికి ఆ వరస వరసంతా పచ్చగడ్డి. అందుకని మీ పేరున్న రాళ్ళ కోసం వెతకకు. ఈ మూల నుంచి ఆ మూల దాకా అన్నీ తీయి. రాళ్ళ వెనక వైపూ చూడు. చర్చి గోడకు ఆనించి నిలబెట్టిన పాత పలకలు, యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్ల స్తంభం కూడా వదలకు.

వెస్ట్‌ఫాలియాలో పేర్ల చిక్కు ఒకటుంది. అది తెలియకపోతే పక్కనే ఉన్న బంధువును దాటుకుంటూ వెళ్ళిపోతావు. మనకు ఇంటిపేరు మనిషి వెంట నడుస్తుంది. అక్కడ పాతకాలంలో పేరు పొలానికి అంటుకుని ఉండేది. ఇల్లరికం వెళ్ళిన అల్లుడు తన పేరు వదిలి ఆ పొలం పేరుతోనే చలామణీ అయ్యేవాడు. ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములకు వేరువేరు ఇంటిపేర్లు కనిపించినా ఆశ్చర్యపోకు. రెండు పేర్ల మధ్య 'గెనాంట్' అని ఉంటే 'అని పిలిచే' అని అర్థం. ఒకటి పుట్టుకతో వచ్చిన పేరు, రెండోది పొలం ఇచ్చిన పేరు. ఇక ఆడవాళ్ళ పేరు తరువాత 'గెబ్.' అని ఉంటే ఆ పక్కనున్నది పుట్టింటి పేరు. నాకైతే రాయి మొత్తంలో అంతకంటే విలువైన మాట లేదు. పద్దెనిమిదో శతాబ్దపు రాళ్ళ మీద 'మ్యూలరిన్' అని ఉంటే అది మ్యూలర్ ఇంటి ఆడమనిషి అని గుర్తు, కొత్త ఇంటిపేరు అనుకోవద్దు.

తోట చర్చిదైతే ముందుగా పాస్టరు ఆఫీసుకు రాసి అనుమతి అడుగు. అంత్యక్రియలు జరుగుతుంటే కెమెరా సంచిలో పెట్టి బయటికి వచ్చేయి. కుళాయి దగ్గర గొలుసులతో తాళం వేసిన నీళ్ళ డబ్బాలు వేలాడుతుంటాయి. వాటి కోసం వచ్చే ముసలమ్మలతో మాటలు కలుపు, ముందు వాళ్ళ పువ్వులను మెచ్చుకో. ఏ రిజిస్టరులోనూ లేని సంగతులు వాళ్ళ దగ్గరుంటాయి. వంశం మాట ఎత్తగానే కొందరు బిగుసుకుపోతే బలవంతం చేయకు. నాజీల కాలంలో 'ఆర్య' వంశమని రుజువు చూపడానికి ఆనెన్‌పాస్ అనే పుస్తకంలో తాతముత్తాతల వివరాలు నింపుకోవలసి వచ్చింది. ఆ పుస్తకాలు ఇంకా కొన్ని ఇళ్ళ సొరుగుల్లో ఉన్నాయి. వాటిని చూపించాలో లేదో వాళ్ళ ఇష్టం.

రాయిని మాత్రం రుద్దకు. సుద్దముక్క, పిండి, షేవింగ్ నురుగు, ఇనుప బ్రష్షు ఏదీ వద్దు. పాత రాళ్ళలో ఇసుకరాయి ఎక్కువ, అది పొరలు పొరలుగా రాలుతుంది. నాచు తీద్దామని నేను మెత్తటి బ్రష్షుతోనే రుద్దితే ఒక సంవత్సరంలోని చివరి అంకె పొట్టుతో సహా నా చేతిలోకి వచ్చింది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. అక్షరాలను చూపించేది వెలుగే. పొద్దుటి ఎండో సాయంత్రపు ఎండో పక్క నుంచి ఏటవాలుగా పడితే, మధ్యాహ్నం బోసిగా కనిపించిన రాయి కూడా చదవడానికి వస్తుంది. నీడలో ఉన్న రాయికి మీ ఆయన చేత అద్దం పట్టించి ఎండను పక్క నుంచి కొట్టించు. ఒక్కో రాయికి దూరం నుంచి ఒకటి, నిండుగా ఒకటి, రాతకు దగ్గరగా ఒకటి తీసి, వరస సంఖ్య నోటుబుక్కులో రాసుకో.

రాసేటప్పుడు కనిపించింది కనిపించినట్టే రాయి. నక్షత్రం గుర్తు పక్కనున్నది పుట్టిన తేదీ, శిలువ గుర్తు పక్కనున్నది పోయిన తేదీ. కొన్ని పాత రాళ్ళ మీద పుట్టిన తేదీ ఉండదు, బతికిన సంవత్సరాలు, నెలలు, రోజులు మాత్రం ఉంటాయి. లెక్క కట్టుకో, కానీ ఆ లెక్కను రాయి ఖాతాలో వేయకు. ఫ్రాక్తూర్ అనే పాత జర్మన్ లిపిలో పొడుగు 'ఎస్' అచ్చం 'ఎఫ్'లా ఉంటుంది. అనుమానం ఉన్నచోట ప్రశ్న గుర్తు పెట్టు. తరువాత చర్చి పుస్తకంతో పోల్చు. ప్రొటెస్టెంటు పుస్తకాలు ఆర్కియోన్ అనే వెబ్‌సైటులో డబ్బు కట్టి చూడాలి, కాథలిక్కులవి చాలావరకు మాట్రికులా అనే వెబ్‌సైటులో ఉచితం. వాటిలో '7బర్' అని ఉంటే ఏడో నెల కాదు, సెప్టెంబరు. అప్పట్లో వెస్ట్‌ఫాలియా ఉన్న ప్రష్యా రాజ్యంలో 1874 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వ నమోదు మొదలైంది కాబట్టి ఆ తరువాతి మరణాలకు ఆ రిజిస్టర్లూ వెతుకు.

ఫోటోలు నలుగురికీ పనికొచ్చేలా పెట్టాలనుకుంటే కాంప్‌జెన్ వంశచరిత్ర సంఘం నడిపే సమాధిరాళ్ళ సేకరణ ఉంది. బతికున్నవాళ్ళ పేర్లు మాత్రం బయట పెట్టకు. రాళ్ళ మీద బతికున్నవాళ్ళు ఎందుకుంటారని అడగకు, నేనున్నాను. మీ పెదనాన్న రాయి మీద ఆయన కిందే నా పేరూ చెక్కించాం, ఇక్కడ దంపతులకు అది మామూలే. నక్షత్రం పక్కన నేను పుట్టిన ఏడు, శిలువ పక్కన ఖాళీ. మీ అమ్మ వచ్చినప్పుడు చూసి, "బతికుండగా ఇదేం అశుభం అక్కా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇటు వచ్చినప్పుడు ఆ రాయిని కూడా ఫోటో తీసుకో. 'గెబ్.' తరువాత మీ తాతగారి ఇంటిపేరులో చెక్కినాయన ఒక అక్షరం మింగేశాడు. మళ్ళీ డబ్బు పోయడం ఇష్టం లేక నేను ఊరుకున్నాను. నువ్వు తప్పును తప్పుగానే రాసుకుని, కింద సరైన పేరు వేరుగా రాయి. లేకపోతే వందేళ్ళకు పాపం ఎవరో, అసలు లేని ఇంటిపేరు కోసం గుంటూరు జిల్లా అంతా గాలిస్తారు.

మీ పెద్దమ్మ