పాత కార్ల పందేలు: మీ ప్రశ్నలు

ప్ర: 1911లో అమెరికాలో జరిగిన తొలి ఇండియానాపోలిస్ 500 (500 మైళ్ల కార్ల పందెం) గెలిచింది రే హారూన్. మరి ఆ ఏటి ఛాంపియన్ రాల్ఫ్ మల్ఫర్డ్ అని రాస్తారేం? – ఒక పాఠకుడు, బొబ్బిలి

జ: ఒక్క పందెం వేరు, ఏడాది పందేలన్నీ కలిపిన సీజన్ వేరు. పైగా 1911లో సీజన్‌కి పాయింట్లే వేయలేదు. ఏళ్ల తర్వాత పాత ఫలితాలకు లెక్కకట్టి మల్ఫర్డ్ పేరు చేర్చారు. 1905ను వదిలేస్తే, ఛాంపియన్‌షిప్ నడిపిన అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ పందేలు జరుగుతుండగానే పాయింట్లు వేసింది 1916లో. ప్యూజో కారుతో డారియో రెస్టా ఛాంపియన్ అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920లో పాయింట్లు మళ్లీ మొదలెట్టారు. 1909–15, 1917–19 ఛాంపియన్ల పేర్లు మాత్రం తర్వాత చేర్చినవి, పెన్సిల్‌తోనే రాసుకోండి.

ప్ర: హారూన్ కారుకి వెనక చూసే అద్దమెందుకు? – బైక్ మెకానిక్, శ్రీకాకుళం

జ: మిగతా కార్లలో డ్రైవరు పక్కన మెకానిక్ కూర్చునేవాడు. చేత్తో ఆయిల్ పంపు కొట్టడం, టైర్ల అరుగుదల చూడటం, వెనకొచ్చే కారు సంగతి చెప్పడం అతని పని. హారూన్ కారు మార్మన్ వాస్ప్‌కి ఒకటే సీటు. వెనక చూసేదెవరని తోటివాళ్లు గొడవపడితే అద్దం బిగించాడు. ట్రాక్ ఇటుకలది, ఆ అదురుకి అందులో ఏమీ సరిగా కనబడలేదట. స్టాండు వదులైన బైకు అద్దంలో ఆర్టీసీ బస్సు రెండుగా కనిపించడం మీకు తెలిసిందే. అసలు గెలిపించింది టైర్లు. వేగం పెంచితే వేడెక్కి రబ్బరు ఊడుతుంది, మార్చడానికి నిమిషాలు పోతాయి. అందుకే గంటకు 75 మైళ్ల దగ్గర పట్టి నడిపి, 200 చుట్లు 6 గంటల 42 నిమిషాల్లో ముగించాడు. మధ్యలో కొంతసేపు బదులు డ్రైవరు సైరస్ పాష్కీ నడిపాడు.