కాకతాళీయం, దేవుడి దయ – రెండూ ఒకచోట ఇముడుతాయా?

సందేహం: మా అమ్మాయి పెళ్లికి బంధువులకు పంచడానికి ఒక చిన్న పుస్తకం వేయించాం. సంబంధం కుదిరిన తీరు గురించి అందులో ఇలా రాశాను: "కడప బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు తప్పిపోయింది. తరువాతి బస్సు ఎక్కితే, కాలేజీ రోజుల తరువాత మళ్లీ చూడని స్నేహితురాలు కాకతాళీయంగా పక్క సీట్లో కనిపించింది. ఆమె కొడుకే మాకు అల్లుడయ్యాడు. అంతా దేవుడి దయ." అధ్యాపకుడైన మా మరిది ఇది చదివి, "వదినా, కాకతాళీయం అంటే కారణం లేకుండా జరిగినది. దేవుడి దయ అంటే కారణం చెప్పడం. రెండింటిలో ఒకటి కొట్టేయండి" అన్నాడు. ఏది కొట్టేయాలి? యాధృచ్చికం అని రాస్తే సరిపోయేదా? దీనికి తెలుగు మాట ఏదీ లేదా?
– ఒక పాఠకురాలు, కడప

సమాధానం: ఏదీ కొట్టేయనక్కర్లేదు. మీ మరిదిగారు తర్కం బాగా చదువుకున్నట్టున్నారు గాని, కాకి దగ్గర కాస్త తొందరపడ్డారు.

కాకతాళీయంలో ఉన్నవి రెండే: కాకి, తాళం. తాళం అంటే ఇక్కడ తాటిచెట్టు, తాటిపండు. కాకి వచ్చి వాలింది, అదే క్షణంలో పండు రాలింది. చూసినవాడికి కాకి వాలడం వల్లనే పండు రాలిందని అనిపిస్తుంది. నిజానికి పండు ముగ్గింది కాబట్టి రాలింది, కాకి అలిసింది కాబట్టి వాలింది. దేని కారణం దానికి ఉంది. ఆ రెండు పనులకూ నడుమ "వల్ల" అనే మాట మాత్రం లేదు. కాకతాళీయం కాదనేది ఆ ఒక్క "వల్ల"ను మాత్రమే. లోకంలో దేనికీ కారణం లేదని ఆ మాట ఎన్నడూ అనలేదు. మీ స్నేహితురాలు ఆ రోజు ప్రయాణం పెట్టుకున్నది మీ బస్సు తప్పడం వల్ల కాదు. ఆమె ప్రయాణం కోసం మీ బస్సు ముందుగా వెళ్లిపోలేదు. ఆ మేరకు మీ వాక్యం నూటికి నూరుపాళ్లు సరైనది. కాకినీ తాటిచెట్టునూ ఒకే చోట పెట్టినవాడు ఎవడైనా ఉన్నాడా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మీ చివరి వాక్యంలో ఉంది. దాన్ని నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, మీ మరిదిగారి ఇష్టం. వ్యాకరణానికి అందులో పని లేదు.

ఒక ముచ్చట చెప్పాలి. ఈ మాట ఎలా పుట్టిందో పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి వివరిస్తుంది. అందులో రాలిన తాటిపండు కాకి మీదే పడుతుంది, కాకి చస్తుంది. అలాగే దేవదత్తుడు ఎక్కడికో వెళ్తాడు, దొంగలూ అక్కడికే వస్తారు, వాళ్ల చేతిలో అతని ప్రాణం పోతుంది. అదీ కాకతాళీయం! దాని పక్కనే ఉన్న మరో ఉదాహరణ అజాకృపాణీయం, అంటే మేకకూ కత్తికీ పడిన లంకె. అక్కడ మేకకు ఏమైందో చెప్పనక్కర్లేదు. మొదటి ఉదాహరణలే ఇలా ఉన్న మాటను మనం ఇవాళ పెళ్లి పుస్తకంలో నిశ్చింతగా రాసుకుంటున్నాం. రాసుకోవచ్చు కూడా. మంచికీ చెడుకూ రెండింటికీ ఆ మాట వాడుకలో స్థిరపడి చాలా కాలమైంది. తెలుగు సామెతల్లోనూ తాటిపండు రాలుతూనే ఉంది. అయితే అది కాకిని వదిలేసి మూలిగే నక్క మీద పడింది.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. కాకతాళీయానికి రెండు సంఘటనలు కావాలి. "రోడ్డు మీద కాకతాళీయంగా వంద రూపాయల నోటు దొరికింది" అని రాస్తున్నారు. ఇందులో కాకి ఉంది, తాటిచెట్టు ఏది? అక్కడ "అనుకోకుండా" చాలు, లేదా "యాదృచ్ఛికంగా". అదే, కరెంటు బిల్లు కట్టడానికి సరిగ్గా వంద తక్కువై తల పట్టుకున్న పూట ఆ నోటు దొరికితే, అప్పుడు కాకతాళీయం. మీ వాక్యంలో తప్పిన బస్సు ఒకటి, ఎక్కిన స్నేహితురాలు ఒకరు, లెక్క సరిపోయింది. పత్రికలవాళ్లు ఈ మాటకు మరో దారి పట్టించారు. "నాయకుడి పర్యటన, అధికారి బదిలీ ఒకే రోజు జరగడం కాకతాళీయమేనా?" అని ఒక ప్రశ్నార్థకం తగిలిస్తారు. అంటే కాదని వాళ్ల ఉద్దేశం. లంకె లేదని చెప్పే మాటతోనే ఉందని అనిపించడం గడుసుతనమే, కాదనను. కాని అదే పనిగా వాడితే కాకి మీద జాలి వేస్తుంది.

యాదృచ్ఛికం యదృచ్ఛ నుంచి వచ్చింది. ఎవరూ కోరకుండా, ఎవరూ పూనుకోకుండా తనంతట వచ్చినది అని అర్థం. శ్వేతాశ్వతరోపనిషత్తు జగత్తుకు మూలం ఏమై ఉంటుందని అడుగుతూ కాలం, స్వభావం, నియతి వంటి వాటి వరుసలోనే యదృచ్ఛనూ నిలబెట్టి విచారిస్తుంది. ఈ మాటకు అంత పెద్దరికం ఉంది. మీ మరిదిగారితో వాదం పెట్టుకోవాలనుకుంటే భగవద్గీత రెండో అధ్యాయం తీయండి. "యదృచ్ఛయా చోపపన్నం స్వర్గద్వారమపావృతమ్" అని ఉంటుంది. కోరకుండానే వచ్చిన ఇలాంటి యుద్ధం తెరిచి ఉన్న స్వర్గద్వారం అని అర్జునుడికి చెబుతున్నది సాక్షాత్తు కృష్ణుడు. దేవుడి నోటనే "యదృచ్ఛయా" వచ్చినప్పుడు, మీరు దేవుడి దయ పక్కన ఆ మాట రాయడానికి వెనకాడనక్కర్లేదు. "దైవాత్" అనే సంస్కృత అవ్యయానికి కూడా అనుకోకుండా అనే అర్థం ఉంది. మన పాత కథల్లో "దైవవశాన" అని వచ్చినప్పుడల్లా కథకుడు భక్తితో చేతులు జోడించాడని కాదు. చాలాచోట్ల "అంతలో అనుకోకుండా" అని కథను ముందుకు నడిపించాడు, అంతే. మీ మరిదిగారు ఎదురెదురుగా నిలబెట్టిన రెండు భావాలూ భాషలో ఒకే మాట కింద కాపురం చేశాయన్నమాట.

అదృష్టం సంగతి వేరు. అది కనబడనిది. వెనకటి కర్మల ఫలం కంటికి కనిపించకుండా ఉండి పనిచేస్తుందన్న శాస్త్రం నుంచి వచ్చింది కాబట్టి, దాన్ని నమ్మేవాళ్ల లెక్కలో అది కాకతాళీయం కానే కాదు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు, అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు తొలకరి వాన పడగానే చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లు బయలుదేరతారు. తలలు వంచి, తడిసిన మట్టిలో మెరిసే ప్రతి రాయినీ ఏరి చూస్తూ ఊళ్లకు ఊళ్లు తిరుగుతారు. వాళ్లలో ఒకరికి వజ్రం దొరికితే "అదృష్టం వరించింది" అని రాస్తారు, అది సరే. "యాదృచ్ఛికంగా దొరికింది" అంటే మాత్రం నేను ఒప్పుకోను. పొద్దు పొడిచింది మొదలు వెతికినవాడికి దొరికినది యాదృచ్ఛికం ఎలా అవుతుంది? అదే చేలో కలుపు తీస్తున్న కూలీ చేతికి తగిలితే ఆ మాట నిండుగా ఒప్పుతుంది. ఈ రెండింటికీ మధ్యలో మరొకటి ఉంది: వెతకబోయిన తీగ కాలికి తగలడం. వెతకాలన్న కోరిక ఉంది, వెతికే శ్రమ తప్పింది. పెళ్లీడు కూతురున్న తల్లికి పక్క సీట్లోనే వియ్యపురాలు దొరకడం అచ్చంగా ఇదే.

ఆ జొన్నగిరికి దగ్గరలోనే, పత్తికొండ నుంచి గుత్తికి వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. ఒకదానిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. వాటిని లోకానికి తెలియజేసినది ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు, 1920ల చివరలో. రాళ్లను చూసేవాడి కంట రాతలు పడ్డాయి. దీనికి తెలుగులో ఎంతో చక్కని మాట ఉంది: తలవని తలంపుగా. తలచనిదాన్నే తలంపు అనడం మన భాష చేసిన చిలిపి పని. దీన్ని ఘుణాక్షర న్యాయం అనకూడదు. పుచ్చుపురుగు కర్రను తొలుచుకుంటూ పోతుంటే ఆ గీతలు అక్షరంలా కనిపించడం ఘుణాక్షరం. అక్కడ రాసినవాడు లేడు. ఎర్రగుడిలో కంటబడడమే అనుకోనిది. చెక్కినవాడికి ఏం చెక్కుతున్నాడో స్పష్టంగా తెలుసు.

తెలుగు మాట లేదా అని అడిగారు. ఉంది, రోజూ మీ నోట్లోనే ఉంది: కలిసిరావడం. రెండు సంగతులు కలిసి వచ్చాయి అనేదే దాని పైపై అర్థం. వాడుకలో మాత్రం అది మేలుకే చెల్లుతుంది. "ఆ ఏడు నాకు కలిసొచ్చింది" అంటే లాభమే. నష్టానికి "కలిసిరాలేదు" అంటాం. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడన్నారు. మీ ఇంట కాలం కలిసొచ్చి పక్క సీట్లోనుంచి అల్లుడు నడిచొచ్చాడు. కాకతాళీయం మంచిచెడ్డలు చెప్పకుండా ఊరుకుంటుంది, కలిసిరావడం మాత్రం తీర్పు చెప్పేస్తుంది. మనం తలచుకున్న మనిషి గుమ్మంలోకి వస్తే "నూరేళ్లాయుష్షు" అంటాం చూడండి, ఇదీ అలాంటిదే. తలచుకున్నా రానివాళ్ల గురించి మనకు ఒక్క మాటా లేదు. మీ మరిదిగారు ఎత్తాల్సిన వాదం నిజానికి ఇది. బస్సు తప్పి, పక్క సీట్లో ఎవరూ కలవక, ప్రొద్దుటూరులో పని చెడిన ప్రయాణాలను ఎవరూ పుస్తకాల్లో అచ్చు వేయించరు కదా అని ఆయన అడిగి ఉంటే నా దగ్గర వ్యాకరణం చాలేది కాదు.

మీ వాక్యంలో క్రియ కూడా బాగుంది. "కనిపించింది" అన్నారు. తారసపడింది, ఎదురుపడింది, కంటపడింది – ఏదైనా సరిపోతుంది. ఈ "పడు"లన్నీ మన పూనిక లేదని చెప్పేవే. "కలుసుకున్నాం" అని రాసి ఉంటే మాత్రం ముందే మాట్లాడుకుని బస్సెక్కినట్టు ధ్వనించేది. రెండో ముద్రణ వేయిస్తే, నాకు నచ్చే పాఠం ఇది: "తప్పిన బస్సే కలిసొచ్చింది, అంతా దేవుడి దయ." మీ పాఠంలోనూ తప్పు లేదు.

వర్ణక్రమం మాత్రం దిద్దుకోండి. యాధృచ్చికం కాదు, యాదృచ్ఛికం. "ద"కు ఒత్తు లేదు, "చ" కింద "ఛ" ఉంది. చాలామంది ఒక అక్షరానికి లేని ఒత్తు పెట్టి, రెండోదానికి ఉన్నది తీసేస్తున్నారు. కాకతాళీయాన్ని సంస్కృతంలో "ల"తో రాస్తారు, తెలుగులో "ళ" నిలిచింది. మీరు "ళ"తోనే రాశారు, అలాగే ఉంచండి.