పరుగు ఆపి బడికొచ్చిన తమ్మికి

తమ్మీ,

నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు బడికి పి.ఇ.టి.గ, అంటే ఆటల సారుగ, పోతున్నవని తెలిసి సంతోషమైంది. ఇన్నేండ్లు 400 మీటర్లు ఉరికినోనివి, పని తెలిసిందే కదా అనుకుంటవు. నీకు తెలిసింది నీ ఒళ్లు. అక్కడ నీ ముందర నిలబడేది పదకొండేండ్ల, పదమూడేండ్ల ఒళ్లు. కొందరు పొద్దుగాల టీ, బిస్కెట్ మీదనే బడికొస్తరు. నీ పాత వర్కౌట్ డైరీ ఇంట్లనే పెట్టిపో.

ముందుగాల గ్రౌండ్ సంగతి. మొదటి రోజు ఆట పెట్టకు. పిల్లలందర్నీ చేయంత దూరంల వరుసగ నిలబెట్టి, చెప్పులతోనే ఈ కొస నుంచి ఆ కొసకు నడిపి రాళ్లు ఏరియ్యి. గాజు పెంకులు కనబడితే వాళ్లు ముట్టొద్దు, నువ్వే తియ్యి. సాయంత్రం పూట బడి గ్రౌండ్‌ల కూసుండేటోళ్లు ఏం వదిలిపోతరో నీకు చెప్పాల్సిన పని లేదు.

400 ట్రాక్ పట్టే జాగ చాలా బడులకు ఉండదు, 200ది చాలు. నాలుగు లేన్లకు 88 మీటర్ల పొడువు, 48 మీటర్ల వెడల్పు కావాలె. చుట్టు ఇంకో రెండు మీటర్లు దొరికితే మంచిది. నడిమిట్ల 40 మీటర్ల దూరంల రెండు గూటాలు కొట్టు. ఆ రెండింటి నుంచి వంపులు గీసి, కొసలను 40 మీటర్ల నిటారు గీతలతో కలుపు. మూల సరిగ్గ రావాలంటే టేపుతో 3, 4, 5 మీటర్ల త్రికోణం పట్టు. నిటారు గీతలు రెండూ కలిపి 80 పోతే, వంపులకు మిగిలేది 120. అంటే పరుగు లెక్క వ్యాసార్ధం 19.10. ఇక్కడనే చాలామంది తప్పుతరు. ఉరికేటోడు లోపలి గీతకు కొంచెం బయట నుంచే ఉరుకుతడు, అందుకే గీత గీసేటప్పుడు ఆ 19.10ల నుంచి కొంత తియ్యాలె. పుస్తకాలల్ల 30 సెంటీమీటర్లు తీసేయమని ఉంటది, అది లోపలి అంచుకు ఎత్తు కర్బ్, అంటే చిన్న గట్టు, కట్టిన ట్రాక్‌కు. మనది ఉత్త ముగ్గు గీత, 20 సెంటీమీటర్లే తియ్యాలె. లోపలి గీత 18.90తో గియ్యి. 18.80తో గీస్తే రౌండుకు 63 సెంటీమీటర్లు తక్కువ పడుతది, పిల్లల టైమింగులన్నీ ఉత్తుత్తిగ మంచిగొస్తయి.

స్టాగర్ల, అంటే బయటి లేన్లకు స్టార్టింగ్ గీత ముందుకు జరిపే కాడ, కూడ అదే తిరకాసు. లేన్ వెడల్పు 1.22. కర్బ్ ఉంటే ఒక రౌండు పరుగుకు రెండో లేన్ 7.04 ముందుకు జరుగుతది, అందరి నోట్ల ఉండేది ఆ అంకెనే. గీతల ట్రాక్‌కు 7.67, మూడో లేన్‌కు 15.33, నాలుగో లేన్‌కు 23.00 పెట్టు.

సుతిలితోని వంపు గియ్యకు, గుంజినకొద్దీ సాగుతది. బైండింగ్ వైరు మంచిది. కొలతకు స్టీల్ టేపే వాడు. గీతకు ముగ్గుపిండి పొయ్యి. సున్నం చల్లితే, పిలగాడు దాని మీద పడి కండ్లల్ల పోయిందంటే చూపుకే మోసం. కబడ్డీ కోర్టు మూలలు సరిగ్గున్నయా అంటే ఎదురుమూలలు కొలువు: 13 బై 10 దానికి 16.40, ఆడపిల్లల 12 బై 8కి 14.42 రావాలె. రెండు దిక్కులా ఒక్కటే రాలేదంటే కోర్టు వంకర పోయినట్టే.

ఇగ పిల్లలు. క్లాసుకు నలభై ఐదు మంది, బాల్సు రెండు. లైన్ కట్టించి ఒక్కొక్కర్ని పిలిస్తే, పీరియడ్ అయ్యేసరికి ఒక్కో పిలగాడు రెండు నిమిషాలు ఆడుతడు, మిగతాదంత కొట్లాటే. నాలుగు గుంపులు చెయ్యి: ఒకటి బాల్ దగ్గర, ఒకటి తాడు దుంకుడు, ఒకటి 30 మీటర్ల రిలే, ఒకటి ఖోఖో కూసుండి లేసుడు. ఎనిమిది నిమిషాలకు విజిల్ కొట్టి మార్చు. పద్నాలుగేండ్ల లోపు వాళ్లను 300, 400 మీటర్లు మళ్లీ మళ్లీ ఉరికించకు. 30, 40 మీటర్ల పరుగులు, దుంకుళ్లు, ఆటలు వారంల మూడు రోజులైతే చాలు. ఎదిగే వయసుల మోకాలి చిప్ప కింద బొడిపె దగ్గర, లేకుంటే మడమ వెనక నొప్పి అంటే నాటకమనుకోకు. బొక్క ఎదిగే చోట కండరం తాడు గుంజుతుంటది. దుంకుళ్లు ఆపి, నొప్పి తగ్గేదాక నడక, బాల్ విసురుడు చేయించు. వాపుంటే, కుంటితే, రాత్రి నొప్పికి లేస్తే డాక్టర్ దగ్గరికే.

నువ్వు పోయే ఊర్ల నీళ్లు మర్చిపోకు. మునుగోడు, నాంపల్లి, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ కథ తెలిసిందే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏండ్ల తరబడి తాగితే పండ్లు, బొక్కలు రెండూ పోతయి. ఆడి ఆడి దూప మీద పిల్లలు దగ్గరున్న బోరు కాడికే ఉరుకుతరు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు క్యాన్ల పట్టి గ్రౌండ్ గట్టు మీద పెట్టు. కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకింత చిక్కనైతది. ఏడాదికి రెండుసార్లు వార్మప్‌లనే మూడు చూడు: మోకాళ్లు వంచకుండ కాలివేళ్లు ముట్టుడు, గడ్డం ఛాతీకి ఆనిచ్చుడు, చేతులు పక్కలకు చాపి మడిచి తల వెనక పట్టుడు. చేయలేనోళ్లందరికీ రోగమే అనకు, ఉత్త బిగుసుదనం కూడ కావొచ్చు. పేర్లు రాసి పి.హెచ్.సి.కి పంపు.

మార్చి నడిమిట్ల ఒంటిపూట బడులు మొదలైతే ప్రాక్టీస్ పొద్దుగాల ఆరు నుంచి ఏడున్నర లోపే కానియ్యి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ లేకుంటే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచా గీటు వట్టి కొలువు. ఉప్పు ఎక్కువైతే మేలు కంటే కీడే. ఆకలికి పల్లిపట్టీ, తైదంబలి చాలు, డబ్బాల పొడులు కొనియ్యకు.

దసరా దాటినంక తండాలల్ల తల్లిదండ్రులు వలస పోతరు, నీ మంచి రన్నర్ కూడ మూట కట్టుకొని పోతడు. సెలక్షన్లప్పుడు ఎతుక్కునే బదులు, ఆగస్టులనే ఇంటికి పోయి అవ్వతోని, తాతతోని మాట్లాడి హాస్టల్ సీటు సంగతి చూడు. చురుకైన చిన్నపిల్లలు కనబడితే హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ యాది పెట్టుకో, అక్కడ నాలుగో తరగతిలనే తీసుకుంటరు. ఏజ్ సర్టిఫికెట్ సవరించమని ఎవరన్న వస్తే, సర్పంచే వచ్చినా సరే, సంతకం పెట్టకు. ఆడపిల్లలను టోర్నమెంటుకు తోలుకపోతే టీచరమ్మ తోడు లేకుండ బస్సెక్కకు.

నీ ఒంటి మాట. పరుగు ఆగుతది కానీ ఆకలి ఆగదు. అన్నం తగ్గించి, రాత్రికి జొన్నరొట్టె పెట్టుకో. ఒక్కసారే ఆపెయ్యకుండ వారానికి మూడు రోజులు అరగంట మెల్లగ ఉరుకు. పిల్లలకు చూపిస్తనని చల్లటి ఒంటితో ఫుల్ స్పీడ్ తీయకు, తొడ వెనక కండరం పట్టేస్తే నెల పోతది.

ఇంటి లెక్క వేరే. క్యాంపులప్పుడు ఇల్లంత నీ పెండ్లాం ఒక్కతే నడిపింది. ఇప్పుడు ఉద్యోగమొచ్చింది, ఇంటిపట్టునుంటడు అనుకుంటది. నువ్వేమో సాయంత్రం ప్రాక్టీస్, ఆదివారం మ్యాచ్ అంటవు. ఆదివారం, ఇంకో సాయంత్రం ఇంటికే అని జూన్‌లనే హెడ్మాస్టరుకు చెప్పుకో, మధ్యల అడిగితే దొరకదు. షూలకు, బస్సు చార్జీలకు నీ జేబు నుంచి పోతనే ఉంటయి. నెలకు ఇంత అని ఆమెతో కలిసి అనుకొని వేరే డబ్బల పెట్టు, అది ఒడిస్తే ఆ నెలకు లేదనే చెప్పు. నీ బిడ్డ అదే బడిల ఆడితే సెలక్షన్ నువ్వు చేయకు. పక్క ఊరి పి.ఇ.టి.ని పిలిచి ఆయన రాసిన లిస్టే నోటీస్ బోర్డుకు అంటియ్యి.