అమ్మానాన్నలు జపాన్ వస్తున్నారు: క్యోటో, నారాలకు గైడ్‌ని పెట్టుకోవాలా?

ఏటా సంక్రాంతి దాటగానే టోక్యోలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్ల దగ్గర్నుంచి ఒకే రకం ప్రశ్న మొదలవుతుంది. మార్చి ఆఖర్లో అమ్మానాన్నలో, అత్తమామలో వస్తున్నారు. సకురా, అంటే చెర్రీ పూలు చూపించాలి, క్యోటో, నారా తిప్పాలి. ప్రైవేట్ గైడ్‌లు రోజుకి నలభై వేల యెన్ల దాకా చెబుతున్నారు. అంత పెట్టాలా, ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని మనమే తిప్పేయొచ్చా?

దారి కోసమే అయితే గైడ్ అక్కర్లేదండీ. స్టేషన్లకు నంబర్లున్నాయి, బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. కథ చెప్పించుకోవడానికి మాత్రం గైడ్ కావాలి. అది కూడా ఒక్క పూటకో, ఒక్క రోజుకో. ఏ ఊళ్లో, ఏ గుడి దగ్గర ఆ డబ్బు పెట్టాలో ముందే తేల్చుకుంటే ఖర్చు దండగ కాదు.

మీరే చూపించగలిగేవి ముందు చెప్తాను. క్యోటోలో ఫుషిమి ఇనారి గుడికి టికెట్ లేదు, మూసే వేళా లేదు. పొద్దున్న ఏడింటిలోపు వెళ్తే ఆ ఎర్రటి తోరీల, అంటే గుడి ద్వారాల కింద హాయిగా నడవొచ్చు, తొమ్మిది దాటితే కాలు పెట్టే సందుండదు. కొండ ఎత్తు 233 మీటర్లు, మొత్తం చుట్టి రావాలంటే రెండు మూడు గంటలు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని మొదటి వరుస తోరీలు దాటించి వెనక్కి తెచ్చేయండి, ఏమీ పోదు. కింకకుజి, అదే బంగారు గుడి, లోపలికి ఎవర్నీ పోనివ్వరు. చెరువు ఇవతలి నుంచి చూసి, ఫొటో దిగి, తోటలోంచి బయటపడటమే. 1950లో ఒక కుర్ర సన్యాసి నిప్పు పెట్టి కాల్చేశాడనీ, ఇప్పుడున్నది 1955లో మళ్లీ కట్టిందనీ మీరు చెబితే చాలు, నాన్నగారు బస్సు ఎక్కేదాకా దాని గురించే మాట్లాడతారు. అరషియామా వెదురుతోపుకి అసలు మాటలే అక్కర్లేదు. కమకుర టోక్యో నుంచి గంట దూరం, ఆదివారం పూట మీరే తిప్పుకురావచ్చు.

డబ్బు పెట్టాల్సిన చోటు నా లెక్కలో మొట్టమొదట నారా. తోదైజీ గుడిలో దాదాపు 15 మీటర్ల కంచు బుద్ధుణ్ణి చూసి, "అబ్బో ఎంత పెద్దదో" అనుకుని, జింకలకు బిస్కెట్లు పెట్టి వచ్చేస్తారు చాలామంది. ఆ విగ్రహానికి 752లో కళ్లు దిద్దిన కుంచె పట్టుకున్నది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. చైనా మీదుగా 736లో జపాన్ చేరాడు. అక్కడి పాత రాతలు ఆయన్ని దక్షిణ భారత బ్రాహ్మణుడంటాయి. ఆ రోజు కుంచెకు పొడవాటి తాడు కట్టి, వచ్చినవాళ్లు దాన్ని పట్టుకున్నారట, కళ్లు దిద్దిన పుణ్యం తమకూ దక్కాలని. ఆ కుంచె, ఆ తాడు ఇప్పటికీ నారాలోని షోసోఇన్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. మన గుళ్లలో విగ్రహ ప్రతిష్ఠప్పుడు నేత్రోన్మీలనం చూసిన అమ్మకి ఈ మాట ఆ విగ్రహం ఎదురుగా నిలబెట్టి చెప్పించండి. ఇంటికెళ్లాక ఫోన్లో వీడియో చూపించినా ఆ ముచ్చట రాదు.

అక్కడికి దగ్గర్లోనే కోఫుకుజి గుడి ఉంది. దాని మ్యూజియంలో 734 నాటి అషురా, అంటే మన అసురుడే, మూడు ముఖాలు, ఆరు చేతులతో ఉంటాడు. మన నాటకాల్లో కోరమీసాలతో కనిపించే అసురుడికీ దీనికీ పోలికే లేదు. సన్నటి కుర్రాడు, నుదురు కాస్త ముడిచి, చేతులు జోడించి నిలబడతాడు. రాక్షసుడు ఇలా ఎలా మారాడన్నది చెప్పగల మనిషి పక్కన ఉండాలి.

క్యోటోలో అయితే తోజి, సంజూసంగెన్‌దో గుళ్లు. రెండూ స్టేషన్‌కి దగ్గర, కొండ ఎక్కే పని లేదు, పెద్దవాళ్లకి సుఖం. తోజిలో సుమారు 55 మీటర్ల అయిదంతస్తుల గోపురం అందరికీ కనిపిస్తుంది. అసలు సంగతి పక్కనున్న ఉపన్యాస మందిరంలో ఉంది. చైనాలో మంత్రశాస్త్రం నేర్చుకుని వచ్చిన కూకై అనే సన్యాసికి 823లో ఈ గుడి అప్పగించారు. ఆయన ఆలోచన ప్రకారం 21 విగ్రహాలను ఒక మండలంలా నిలబెట్టారు. అందులో ఒక కొసన నాలుగు హంసల మీద బ్రహ్మ, ఇంకో కొసన ఏనుగెక్కిన ఇంద్రుడు. మా ఇంటికి వచ్చిన పెద్దవాళ్లని ఎవరిని తీసుకెళ్లినా హంసల్ని చూడగానే "ఇదేంటి, మన బ్రహ్మగారు ఇక్కడున్నారే" అంటారు. సంజూసంగెన్‌దోలో 120 మీటర్ల పొడవు హాల్లో కరుణకు రూపమైన బౌద్ధ దేవత కన్నోన్ విగ్రహాలు 1,001 బారులు తీరి ఉంటాయి. కళ్లు వాటి మీదే ఉంటాయి గానీ, ముందు వరసలో ఉన్న 28 మంది పరివార దేవతల్ని చూడాలి. పక్షి ముక్కుతో వేణువు ఊదుతున్న గరుత్మంతుడు అక్కడే ఉన్నాడు. ఈ హాల్లో ఫొటోలు తీయనివ్వరు, గట్టిగా మాట్లాడితే బాగుండదు. మంచి గైడ్ లోపలికి వెళ్లకముందే బయట ఓ చెట్టు కింద కూర్చోబెట్టి, బొమ్మలు చూపించి విషయం అంతా చెప్పేస్తారు.

ఇక్కడో సంగతి. ఇవన్నీ గైడ్ తమంతట తామే చెబుతారనుకోకండి. వాళ్ల దగ్గరికి ఎక్కువగా వచ్చేవాళ్లు సమురాయ్‌లు, గెయిషాలు, సాకే గురించి అడుగుతారు, వాళ్లు దానికే తయారై వస్తారు. బుక్ చేసేముందు మీరే ఇలా ఒక మెయిల్ రాయాలి: మా అమ్మకి అరవై ఎనిమిది, మెట్లు ఎక్కువ ఎక్కలేరు, నేల మీద కూర్చుని లేవలేరు, ఇద్దరూ శాకాహారులు, హిందూ దేవతల గురించి బాగా తెలుసు, బౌద్ధం గురించి తెలియదు, తోజి, సంజూసంగెన్‌దో చాలు, మూడో చోటు వద్దు. ఇంత రాస్తే, పనిమంతులైన గైడ్ తిరిగి నాలుగు ప్రశ్నలు అడుగుతారు: ఎంతసేపు నడవగలరు, కుర్చీ కావాలా, ఉల్లి తింటారా. ఏ ప్రశ్నా లేకుండా ఆరు చోట్ల పేర్లున్న రెడీమేడ్ ప్లాన్ పంపించినవాళ్లని మాత్రం వదిలేయండి.

భాష సంగతి. ప్రభుత్వ గైడ్ లైసెన్స్ పరీక్ష పది విదేశీ భాషల్లో జరుగుతుంది. అందులో ఇంగ్లీషు, థాయ్, కొరియన్ ఉన్నాయి గానీ హిందీ లేదు, తెలుగు సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి తెలుగులోకి చెప్పే పని మీదే. రెండు వాక్యాలకోసారి ఆగమని గైడ్‌కి ముందే చెప్పండి, ఏమీ అనుకోరు. ఇలా రెండు భాషల్లో నడిచేసరికి టైమ్ రెట్టింపవుతుంది, అందుకే చూసే చోట్లు తగ్గించమంటున్నాను. పెద్దవాళ్లతో అయితే పొద్దున్న నాలుగు గంటల టూరే మేలు. మధ్యాహ్నం హోటల్లో నడుం వాల్చి, సాయంత్రం కామో నది ఒడ్డున మీతో పాటు తిరుగుతారు.

లైసెన్స్ ఉండాలా అని కూడా అడుగుతుంటారు. 1949 నాటి చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా డబ్బు తీసుకుని విదేశీ భాషలో గైడ్ పని చేయడం ఒకప్పుడు తప్పు. 2018 జనవరి నుంచి ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు ఎవరైనా చేయొచ్చు, కానీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న గైడ్‌నని మాత్రం చెప్పుకోకూడదు. లైసెన్స్ లేనివాళ్లలోనూ బాగా చెప్పేవాళ్లున్నారు. కానీ ఆ పరీక్షలో జపాన్ చరిత్ర, భూగోళం అడుగుతారు కాబట్టి, గుళ్ల కథలు వినాలనుకుంటే నేను లైసెన్స్ ఉన్నవాళ్ల వైపే మొగ్గుతాను. రేటు మామూలుగా గుంపు మొత్తానికి చెబుతారు, తలకింత అని కాదు. రెండు కుటుంబాలు కలిస్తే భారం సగమవుతుంది. గైడ్‌కి అయ్యే బస్సు టికెట్లు, గుడి టికెట్లు, మధ్యాహ్న భోజనం ఎవరి ఖర్చో ముందే అడగండి, చాలావరకు మన ఖర్చే. టిప్ ఇవ్వక్కర్లేదు, ఇస్తే ఇబ్బంది పడతారు. ఊరి నుంచి తెచ్చిన పూతరేకుల డబ్బా ఇవ్వండి, సంతోషిస్తారు.

అంత ఖర్చు వద్దనుకుంటే నారాలో కాలేజీ విద్యార్థులు, రిటైరైనవాళ్లు ఉచితంగా తిప్పే వాలంటీర్ గైడ్ సంఘాలున్నాయి. దారి ఖర్చులు, టికెట్లు పెట్టుకుంటే చాలు. ముందే రాసి అడగాలి. పిల్లలు చాలా శ్రద్ధగా చెబుతారు. కాకపోతే ప్లాన్‌ని మన ఇష్టానికి మార్చమని గట్టిగా అడగలేం.

ఇక కారు. వాట్సాప్ గ్రూపుల్లో "సొంత వ్యాన్ ఉంది, ఎయిర్‌పోర్ట్ పికప్, క్యోటో అంతా తిప్పుతాం, తక్కువ రేటు" అని వస్తుంటాయి. నంబర్ ప్లేటు చూడండి. డబ్బు తీసుకుని జనాన్ని తిప్పే బండికి మామూలుగా ఆకుపచ్చ ప్లేటు ఉండాలి. అనుమతి లేకుండా తెల్ల ప్లేటు బండిలో డబ్బు తీసుకుని తిప్పితే అది చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు. మనవాడే కదా, తెలుగులో మాట్లాడతాడు కదా అని అమ్మానాన్నల్ని ఎక్కించకండి. టాక్సీ కంపెనీలే గంటల లెక్కన కారు ఇస్తాయి, ఇంగ్లీషు వచ్చిన డ్రైవర్లు కూడా దొరుకుతారు. అయితే డ్రైవర్ గుడి లోపలికి వస్తారా, పార్కింగ్‌లోనే ఉంటారా అన్నది అడిగి తేల్చుకోవాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. క్యోటో, నారా బాగా తెలిసిన కుర్రాళ్లు కొందరు, "శని ఆదివారాల్లో నేనే గైడ్‌గా వెళ్తే నాలుగు డబ్బులొస్తాయి కదా" అంటారు. మీది ఇంజనీర్ వీసా అయితే ఆ పని దాని పరిధిలోకి రాకపోవచ్చు. ముందుగా ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో "శికకుగై కట్సుదో", అంటే వీసా పరిధి బయటి పనికి అనుమతి అడగాలి. డిపెండెంట్ వీసా మీద వారానికి 28 గంటల అనుమతి ఉన్న భార్య గానీ భర్త గానీ కూడా, సొంతంగా గైడ్ పని మొదలుపెట్టేముందు అది ఆ అనుమతి కిందికి వస్తుందో లేదో అక్కడే అడగాలి, ఎందుకంటే గంటలు లెక్కగట్టలేని సొంత పనికి మామూలుగా విడిగా అనుమతి కావాలి. హోటళ్లు, రైళ్లు కూడా కలిపి ప్యాకేజీగా అమ్మితే ట్రావెల్ ఏజెన్సీ రిజిస్ట్రేషన్ గొడవ వేరే. వీసా రెన్యువల్ టైమ్‌లో ఈ టెన్షన్ పెట్టుకోవద్దు. చుట్టాలని ఊరికే తిప్పితే ఏ ఇబ్బందీ లేదు, ఎలాగూ తిప్పక తప్పదు.

రైలు సంగతి క్లుప్తంగా: జపాన్ రైల్ పాస్ టూరిస్టులుగా వచ్చినవాళ్లకే, ఇక్కడ ఉద్యోగం చేస్తున్న మీకు రాదు. అమ్మానాన్నలకి కూడా ఒక్క క్యోటో కోసమైతే గిట్టదు. 2023 అక్టోబరు నుంచి ఏడు రోజుల పాస్ 50,000 యెన్లయింది. టోక్యో నుంచి క్యోటోకి నొజొమీ బుల్లెట్ రైల్లో ఒక వైపు సుమారు 14,000 యెన్లు, అంటే రానూపోనూ టికెట్లు కొనడమే చవక. పెద్ద సూట్‌కేసులు ముందురోజే తక్క్యుబిన్‌లో, అంటే సామాను చేర్చే కొరియర్‌లో హోటల్‌కి పంపించేయండి.

తిండి గురించి గైడ్‌ని బాగా వాడుకోండి. "శాకాహారం" అంటే హోటల్ వాళ్లు సరేనని మాంసం తీసేస్తారు, చారులో మాత్రం కట్సువోబుషి, అంటే ఎండు చేప తురుము, మరిగిపోయి ఉంటుంది. మిసో సూప్, ఉడోన్, ఆఖరికి టోఫు కూర కూడా అంతే. సముద్రపు నాచు, పుట్టగొడుగులతో చేసిన రసం వాడే షోజిన్ భోజనం గుళ్ల దగ్గర దొరుకుతుంది, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. దాన్ని ముందే ఫోన్ చేసి చెప్పించే పని గైడ్‌కి అప్పగించండి. అమ్మ ఎలాగూ పులిహోర కలిపే ఉంచుతుంది. దాన్ని నారా పార్కులో మాత్రం విప్పకండి. జింకలు ప్లాస్టిక్ కవరు శబ్దానికే వచ్చేస్తాయి, చీర కొంగు కూడా నములుతాయి.

తేదీలు కూడా చూసుకోవాలి. నెలనెలా 21న తోజిలో పెద్ద సంత జరుగుతుంది. పాత పింగాణీ, కిమోనోలు కొనాలంటే ఆ రోజే వెళ్లాలి, విగ్రహాలు ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజు మానుకోవాలి. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా గోల్డెన్ వీక్, జపాన్ వాళ్లంతా రోడ్ల మీదే ఉంటారు. జూలై, ఆగస్టుల్లో క్యోటో ఉక్కపోత విజయవాడవాళ్లని కూడా కూలదోస్తుంది. క్యోటోలో గెయిషాలుండే పేట గియోన్‌లో ప్రైవేటు సందుల్లోకి 2024 నుంచి టూరిస్టులకి ప్రవేశం లేదు, 10,000 యెన్ల జరిమానా అని బోర్డులు పెట్టారు. గెయిషా కనిపించిందని నాన్నగారు ఫోన్ పట్టుకుని వెంట పడకుండా చూసుకోండి. సకురా రోజులకి మంచి గైడ్‌లు నెలల ముందే నిండిపోతారు, టికెట్లు ఖాయమవగానే మెయిల్ రాయండి. దొరక్కపోతే క్యోటో ఇంపీరియల్ ప్యాలెస్‌లో ఇంగ్లీషు గైడెడ్ టూర్ ఉచితంగా ఉంది, సోమవారాలు మామూలుగా మూత.