మీ అత్తయ్య లోహం ఎలా చేసిందంటే

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, నీ మేనకోడలు లిటిల్ ఆల్కెమీ అనే ఆట రెండో భాగం పట్టుకుంది, రెండు వస్తువులు కలిపి కొత్తది పుట్టించే ఆట. 720 వస్తువులూ ఎక్కడా జవాబులు చూడకుండా చేసేస్తుందట. అత్తయ్య చేసింది కదా, నేనెందుకు చేయలేనంటోంది. నాలుగు రోజులుగా లోహం దగ్గర ఆగిపోయి నిన్నే అడగమంటోంది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం గుండెల్లో రాయి పడ్డట్టయింది. నాలుగు రోజులు పట్టు విడవకుండా కూర్చున్నావని ఎంత గర్వంగా అనిపించిందో, ఆ "అత్తయ్య చేసింది కదా" అన్న మాటకు అంత భయం వేసింది. ఎందుకో కింద రాస్తాను. ముందు తేలిక సంగతులు.

నోటు పుస్తకం ఒకటి పెట్టుకో. కలిసినవే కాదు, కలవనివి కూడా రాసుకో. ఆటలో వస్తువులు కలిపే బల్ల మీద చెత్త పేరుకోనివ్వకు. ఒక వస్తువును దానితో దాన్నే కలిపి చూడటం మర్చిపోకు. గాలికి గాలి కలిపితే ఒత్తిడి వస్తుంది, చాలామందికి ఇది తట్టదు. మొదటి భాగంలో తెలుసుకున్నది రెండో దాంట్లోనూ పనిచేస్తుందని నమ్మకు. అక్కడ నిప్పు, గాలి కలిస్తే శక్తి, ఇక్కడ అవే రెండూ పొగ. నూరు వస్తువులు పూర్తయ్యేదాకా కాలం అనేది రాదు, దానికోసం తంటాలు పడకు. పది దాటాక ఆడకు, కళ్లకు విశ్రాంతి ఇవ్వు. పది అంటే రాత్రి పది. నవ్వకు, నా కళ్లద్దాలు నీకు తెలుసు కదా.

ఇంకొక్క లెక్క. మొదట ఇచ్చే నాలుగింటిని, అంటే నీరు, నిప్పు, భూమి, గాలి, ఒకదానితో ఒకటీ తమతో తామూ కలిపితే 10 జతలే. పన్నెండు వస్తువులైతే 78. ఓపికుంటే ఒక మధ్యాహ్నంలో అయిపోతాయి. 720 అయ్యేసరికి 2,59,560. అందుకే గుడ్డిగా తగిలించుకుంటూ పోయేవాళ్లు సగంలో ఆట మానేస్తారు. నీ దగ్గర ఇప్పుడున్నవి కొన్నే కాబట్టి అన్నీ తగిలించు, తప్పులేదు. తర్వాత మాత్రం ఆలోచించి కలపాలి.

రాయి దాకా నువ్వే వచ్చావట. భూమికి నిప్పు తగిలిస్తే లావా, లావాకు గాలి తగిలి చల్లారితే రాయి. నువ్వొక్కదానివే అక్కడిదాకా వచ్చావంటే సగం పని అయినట్టే. లావాను నీళ్లలో పోసి ఉంటావు, నల్లటి గాజురాయి వచ్చి ఉంటుంది. చాలామంది దాన్ని చూసి ఇదే దారి అనుకుని దాని వెంట పడతారు. నేను పడ్డాను. అక్కడ లోహం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నీ మొహం చూసి చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

నేను మొదటి భాగం ఆడింది రిటైరైన కొత్తలో. అందులో 580 వస్తువులు. ముప్పై ఏళ్లు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినదాన్ని కదా, ఈ పిల్లల ఆట నాకెంత అనుకున్నాను. నీలాగే లోహం దగ్గర ఆగాను. నా చదువే నా కాళ్లకు అడ్డం పడింది. ఇనుప ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పడానికి బొగ్గు కావాలి, బొగ్గు బాగా మండటానికి తిత్తులతో గాలి ఊదాలి. రాగి కరగడానికే 1085 డిగ్రీలు కావాలి, ఇనుముకైతే 1538. ఇవన్నీ బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అంచేత ఆటలోనూ ముందు బొగ్గు సంపాదించాలని తీర్మానించాను. వాన కావాలి, మొక్క కావాలి, చెట్టు కావాలి అనుకుంటూ వారం రోజులు తిరిగాను. బొగ్గు దొరికింది. ఆ రాత్రి టీచరమ్మ ఎంత మురిసిపోయిందో! బొగ్గును రాయికి తగిలించాను, భూమికి తగిలించాను, లావాకు తగిలించాను. లోహం రాలేదు. మీ మావయ్య పక్క గదిలోంచి "ఇంకా పడుకోలేదా" అని రెండుసార్లు అడిగారు. రెండోసారి విసుక్కున్నాను కూడా.

మూడో వారంలో ఓపిక పోయింది. నెట్‌లో ఎవరో జవాబులన్నీ వరసగా రాసిపెట్టిన పేజీ ఒకటి దొరికింది. ఒక్కటే చూస్తాను, లోహం ఒక్కటే, అని తెరిచాను. నిప్పు, రాయి. అంతే ఉంది అక్కడ. రెండూ మొదటి గంటలోనే నా దగ్గరున్నవి. "వట్టి రాయిని వట్టి మంటలో పెడితే లోహం ఎక్కడిది, ఖనిజం కావద్దా, బొగ్గు కావద్దా" అని నేను ఆ జతను ఒక్కసారి కూడా కలిపి చూడలేదు! అది తెలియక జరిగిన పొరపాటు కాదమ్మా, నాకు తెలుసన్న పొగరు.

అక్కడితో ఆగి ఉంటే నీకు ఈ ఉత్తరం రాయాల్సిన పనే లేదు. కోపమో ఉక్రోషమో, ఆ పేజీ మూయలేదు. లోహం కింద ఇంకో పేరు కనిపించింది, దాన్నీ కలిపాను. దాని కింద మరొకటి. "ఇదొక్కటీ" అనుకుంటూ ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. మర్నాడు సాయంత్రం మళ్లీ మొదలుపెట్టాను. ఎడం చేతి వేలు పేజీ మీద, కుడి చేతి వేలు ఆట మీద. రెండు రాత్రుల్లో 580 పూర్తి. అందులో ఇవాళ నాకు గుర్తున్నవి పాతిక కూడా లేవు, అవీ పేజీ తెరవకముందు నేను తడుముకుంటూ కనుక్కున్నవే. వారం రోజులు తిరిగి తెచ్చిన బొగ్గు ఎందుకు పనికొచ్చిందో తెలుసా? లోహం వచ్చాక, దాన్ని ఉక్కు చేయడానికి. అది నేనే కనుక్కోవలసింది. కెమిస్ట్రీ టీచర్ని! ఉక్కులో కార్బన్ ఉంటుందని ముప్పై ఏళ్లు చెప్పి, ఆ సంతోషాన్ని ఎవరో రాసిన పేజీకి వదిలేశాను.

ఆ తెల్లారి మీ నాన్నకు ఫోన్ చేసి "580 అయిపోయాయిరా, అన్నీ నేనే కనుక్కున్నా" అన్నాను.

అదమ్మా సంగతి. వాడు అది మీ ఇంట్లో అందరికీ చెప్పాడు. నువ్వప్పుడు చిన్నదానివి. నీ పుట్టినరోజుకు వచ్చినప్పుడు "మా అత్తయ్య ఏదీ చూడకుండా చేసింది" అని నీ స్నేహితులకు చెబుతుంటే విన్నాను. దిద్దకుండా కేకు తింటూ కూర్చున్నాను. ఇన్నేళ్లకు నువ్వు నా అబద్ధాన్ని చూసి నిజంగా ఆ పని మొదలుపెట్టావు.

ఈ ఉత్తరంలో లోహం సంగతి చెప్పేశానని గమనించే ఉంటావు. కావాలనే చెప్పాను. దాచాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నువ్వు నాలుగు రోజులు ఆగి, ఆ తర్వాత కూడా పేజీ తెరవకుండా మనిషిని అడిగావు. మనిషిని అడిగితే అడిగినదొక్కటే చెప్పి ఊరుకుంటుంది. కింద వరస కనిపించదు. నాకు భయం ఆ వరసను చూసే. లోహం చెప్పినందుకు నీ ఆట పాడవదు, ఇంకో జవాబు కోసం వేలు దానంతటదే కిందికి జరగడం మొదలైతే పాడవుతుంది. ఎప్పుడైనా నిజంగా విసిగిపోతే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. పది తర్వాత ఆడొద్దన్నాను కదా అంటావేమో. ఫోన్ చెయ్యొచ్చు.

లోహం వచ్చాక దాన్ని గాలి పక్కన, రాయి పక్కన, ఆవిరి పక్కన, సూర్యుడి పక్కన పెట్టి చూడు. ఏం వస్తాయో రాయను. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి, లేకపోతే నాలాగే వాదనకు దిగుతావు. గాలి తగిలితే లోహం తుప్పు పడుతుంది. నిజంగా అయితే గాలితో పాటు తడి కూడా ఉండాలి కదా అని నీకు అనిపిస్తుంది, నువ్వూ సైన్స్ మార్కుల పిల్లవే. ఆటతో వాదించకు. ముందు కలిపి చూడు, కోపం తర్వాత. ఆట తయారుచేసినవాళ్లు పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని రాయలేదు, ఏ మాట వింటే ఏ మాట గుర్తొస్తుందో అలా రాశారు. ఏనాడో ఎవరో రాయిని మంటలో వేస్తే మెరిసేదేదో కిందికి కారి ఉంటుంది. వాళ్లకు ఆక్సిజన్ పేరు తెలియదు. వాళ్ల లెక్కలో అది రాయి, నిప్పు, అంతే. నాకు ఇది అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది, నువ్వు త్వరగానే గ్రహిస్తావు.

మీ నాన్నకు నేనే చెప్తాను. ఈ ఉత్తరం నీకు చేరేలోపే చెప్పేస్తాను, నువ్వు మధ్యలో ఇరుక్కోవద్దు. నవ్వుతాడు, నవ్వనీ. 720 పూర్తి కాకపోయినా నాకు ఒకటే. మూడు వందల దగ్గర విసుగొచ్చి మానేసినా ఫోన్ చేసి చెప్పు, సిగ్గుపడకు. నేను సంఖ్య అడగను.

ఇంకోటి. నేనూ రెండో భాగం మొదలుపెట్టాను, మొన్న ఆదివారం నుంచి, ఈసారి పేజీ లేకుండా. 61 దగ్గరున్నాను. మొదటి భాగంలో భూమికి ప్రాణం పోస్తే మనిషి వచ్చేవాడు, ఇక్కడ అలా రావడం లేదు. మనిషి వస్తే అతని చేతిలో లోహం పెట్టి పనిముట్టు చేద్దామని చూస్తున్నాను. లోహం వచ్చి నాలుగు రోజులైంది, బల్ల మీద అలాగే పడి ఉంది.

నీకు మనిషి ముందే వచ్చాడని మీ నాన్న అన్నాడు. చెప్పకు. అడిగితే అప్పుడు చెప్పు.

మీ అత్తయ్య